పిన్ను పట్టగానే కొనేయకండి: లాప్‌టాప్‌కూ డాక్‌కూ సరైన అడాప్టర్ ఎంచుకోవడం ఎలా

పోయిన మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, చార్జింగ్ పెట్టే ఉండాను. అయినా బ్యాటరీ దిగిపోతా ఉండాది. పొద్దున తొంభై ఉన్నింది, ఇప్పుడు నలభైకొచ్చేసింది" అంది. తిరుపతి కొర్లగుంటలో మేడమీద గది వాళ్ళది. బెంగళూరులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేస్తుంది. ఆ వారమే డాకింగ్ స్టేషన్, పొట్టిగా డాక్, కొనుక్కుంది. ఒక్క టైప్-సి వైరు లాప్‌టాప్‌కు తగిలిస్తే చాలు, పెద్ద మానిటరు, కీబోర్డు, మౌసు, హార్డ్ డిస్కు, ఇంటర్నెట్ కేబులు అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. సాయంత్రం వెళ్ళి చూశాను. ఏదీ పాడవలేదు. లాప్‌టాప్‌తో వచ్చిన 65 వాట్ల చార్జరునే డాక్‌కు పెట్టింది. ఆ 65లోంచి డాక్ తన వాటా ముందే పక్కకు తీసుకుంటుంది. మిగిలిందే లాప్‌టాప్‌కు.

ఇట్లాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. ఎవరిని అడిగినా కొనేటప్పుడు చూసింది పిన్ను ఒక్కటే. పిన్ను పట్టింది, లైటు వెలిగింది, డబ్బులిచ్చి వచ్చేశాం అంటారు. పిన్ను చూడాల్సిందే, కానీ మొదట కాదు. ముందు వోల్టులు, తర్వాత వాట్లు, ఆ తర్వాతే పిన్ను, వైరు, డాక్ ఉంటే దాని కోత, చివర్లో మిగతావి. నేను అదే వరుసలో చెప్తాను. లాప్‌టాపు, పాత అడాప్టరు పక్కన పెట్టుకుని చదివితే ఎక్కడికక్కడ సరిచూసుకోవచ్చు.

పాత అడాప్టర్ మీద ఏముందో చదవండి

అడాప్టర్ను తిప్పితే వెనకవైపు చీమల బారులా చిన్న అక్షరాలుంటాయి. కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. అందులో మనకు కావలసింది రెండే వరుసలు. ఇన్‌పుట్ అనే చోట 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. మన ఇళ్ళకొచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి అది ఇమిడిపోతుంది. అమెరికా నుంచి అబ్బాయి పంపిన లాప్‌టాప్ అడాప్టర్ మీద కూడా ఇదే రాసి ఉంటే భయం లేదు, గోడకు పెట్టే పవర్ కార్డ్ మార్చుకుంటే చాలు. 110-120 అని మాత్రమే ఉంటే దాన్ని మన ప్లగ్గులో పెట్టకండి.

అసలు వరుస అవుట్‌పుట్. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉందనుకోండి. రెండింటినీ గుణిస్తే 65 వాట్లు. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు ఉన్నా 65 వాట్లే. 19.5 వోల్టులకు 4.62 ఆంపియర్లుంటే 90 వాట్లు. ఆఫీసు పనికి, చదువుకు వాడే లాప్‌టాప్‌లు ఎక్కువగా 45, 65, 90 వాట్లలో ఉంటాయి. గేమింగ్ లాప్‌టాప్‌లు 180, 230, ఆ పైన కూడా అడుగుతాయి.

పాత అడాప్టర్ పోయిందా? లాప్‌టాప్ అడుగున కూడా ఈ అంకెలు ఉంటాయి. అవీ చెరిగిపోతే మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ సైట్‌లో చూడండి. డెల్ లాప్‌టాప్ అయితే ఆన్ చేస్తూనే ఎఫ్2 మీట నొక్కి బయాస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్ళండి. బ్యాటరీ వివరాల దగ్గర, ఇప్పుడు తగిలించిన అడాప్టర్ ఎన్ని వాట్లదని లాప్‌టాప్ అనుకుంటుందో కూడా చూపిస్తుంది.

వోల్టులు సమానం, ఆంపియర్లు సమానం లేదా ఎక్కువ

గుండ్రటి పిన్ను అడాప్టర్లకు ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సగం పని అయినట్టే. వోల్టులు అడాప్టర్ తోసేవి. లాప్‌టాప్‌కు ఇష్టమున్నా లేకున్నా అవి లోపలికి వచ్చేస్తాయి, అందుకే సమానంగా ఉండాలి. 19కీ 19.5కీ ఉన్న తేడాను చాలా లాప్‌టాప్‌లు ఓర్చుకుంటాయి. కొత్తది కొనేటప్పుడు మాత్రం ఉన్న అంకెనే అడగండి. 12 వోల్టుల వస్తువుకు 19 వోల్టులు పెడితే లోపలి బోర్డు కాలిపోవచ్చు.

ఆంపియర్లు అట్లా కాదు. తిరుమల అన్నప్రసాదంలో వేలమందికి వండి ఉంటారు, మన ఆకులో మాత్రం మనం అడిగినంతే పడుతుంది. అడాప్టర్ 4.62 ఆంపియర్లు ఇవ్వగలిగినా, లాప్‌టాప్‌కు 3 కావాలంటే 3 మాత్రమే లాక్కుంటుంది. 65 వాట్ల లాప్‌టాప్‌కు 90 వాట్లది పెడితే కాలిపోతుందన్న భయం నాకు చాలామందిలో కనిపిస్తుంది. వోల్టులు, పిన్ను సరిపోయినప్పుడు దానివల్ల ఏ నష్టమూ లేదు. నష్టం తక్కువ పెడితేనే. 65 అడిగేదానికి 45 ఇస్తే అడాప్టర్ శక్తికి మించి పనిచేసి పొయ్యి మీద పెనంలా కాలుతుంది, లేదా లాప్‌టాపే వేగం తగ్గించుకుంటుంది.

తిరుపతి ఎండల్లో ఇది మరీ ముఖ్యం. చాలా లాప్‌టాప్‌ల మాన్యువల్స్‌లో గది వేడి 35 డిగ్రీల వరకే అని ఉంటుంది. మన దగ్గర మే నెలలో బయట 40 దాటుతుంది, రేకుల కింద, మేడమీద గదుల్లో రాత్రి దాకా ఆ వేడి దిగదు. అంచుల దాకా పనిచేసే అడాప్టర్ అట్లాంటి గదిలో ఎక్కువ కాలం నిలవదు. అందుకే 65 వాట్లు కావలసినవాళ్ళకు, అదే కంపెనీలో అదే పిన్నుతో 90 వాట్లది దొరికితే అదే తీసుకోమని చెప్తాను.

ఇప్పుడు పిన్ను

గుండ్రటి పిన్నులు చూడటానికి ఒకేలా ఉన్నా వెలుపలి కొలత, లోపలి కొలత వేరు. పాత డెల్, హెచ్‌పీ లాప్‌టాప్‌లకు 7.4 మిల్లీమీటర్ల పెద్ద పిన్ను, తర్వాత వచ్చినవాటికి 4.5 మిల్లీమీటర్ల చిన్నది. లెనోవోలో ఒక కాలం గుండ్రటిది, తర్వాత లోపల పసుపు రంగున్న పలకటిది, ఇప్పుడు ఎక్కువగా టైప్-సి. డెల్, హెచ్‌పీ పిన్నుల నడుమ సూది లాంటిది కనిపిస్తుంది చూడండి. "నేను ఇన్ని వాట్ల అడాప్టర్ను" అని లాప్‌టాప్‌కు కబురు చేరేది దాని ద్వారానే. ఆ సూది వంగినా విరిగినా, లేక నకిలీ అడాప్టర్‌లో ఆ కబురు చెప్పే చిప్పు లేకపోయినా, లాప్‌టాప్ ఆ అడాప్టర్ను నమ్మదు.

నాకిది అనుభవమే. రెండేళ్ళ కిందట నా పాత లాప్‌టాప్ అడాప్టర్ పోతే ఊళ్ళోనే ఒక దుకాణానికి వెళ్ళాను. ఆయన బుట్టలోంచి ఒకటి తీసి గుచ్చి చూశాడు. "పిన్ను కరెక్టుగా కూర్చుండాది సామీ, లైటు కూడా వచ్చె, తీసుకుపోండి" అన్నాడు. తెచ్చుకున్నాను. మర్నాటి నుంచి ఆన్ చేసిన ప్రతిసారీ అడాప్టర్ రకాన్ని గుర్తించలేకపోయామని నల్ల తెర మీద ఒక మాట వచ్చేది. ఏదో మీట నొక్కి ముందుకు పోయేవాణ్ణి. బ్యాటరీ ఎక్కదు, ఒక ఫైలు తెరవాలంటే నిమిషం. విండోస్ చెడిపోయిందనుకుని మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాను, రెండు రోజులు పోయాయి. అప్పటికీ అంతే. ఒక మిత్రుడు తన అసలు అడాప్టర్ తెచ్చి గుచ్చాడు, మరుక్షణం లాప్‌టాప్ లేచి కూర్చుంది. అడాప్టర్ను గుర్తుపట్టనప్పుడు లాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుందని నాకు తెలిసింది ఆ రోజే. మీ లాప్‌టాప్ ఉన్నట్టుండి నెమ్మదించిందంటే మెకానిక్ దగ్గరికి పోయేముందు అడాప్టర్ మార్చి చూడండి.

పది రకాల పిన్నులు మార్చుకునే యూనివర్సల్ అడాప్టర్లను నేను ఎవరికీ సిఫారసు చేయను. వోల్టులు చేత్తో మార్చే మీట ఉన్నవాటిని అసలే చేయను. ఇంట్లో పిల్లలెవరైనా ఆ మీట జరిపితే చాలు.

టైప్-సి వచ్చాక మారిందేమిటి

టైప్-సిలో వోల్టులను ముందు మాట్లాడుకుంటారు. చార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది. తర్వాత లాప్‌టాపూ చార్జరూ పవర్ డెలివరీ అనే పద్ధతిలో, పొట్టిగా పీడీ అంటారు, "నా దగ్గర 5, 9, 15, 20 ఉన్నాయి" "సరే, నాకు 20 ఇవ్వు" అని ఒప్పందం చేసుకుంటాయి. అందుకే ప్రమాణాల ప్రకారం చేసిన టైప్-సి చార్జర్ ఏది పెట్టినా లాప్‌టాప్ కాలదు. సరిపోకపోతే నెమ్మదిగా ఎక్కుతుంది, లేదా అసలు ఎక్కదు. గుండ్రటి పిన్నుకు ఈ రక్షణ లేదు.

అయితే మూడు చోట్ల పొరపాటు పడతాం.

మొదటిది లాప్‌టాప్‌కున్న రంధ్రం. టైప్-సి రంధ్రం ఉన్నంతమాత్రాన దాంట్లోంచి చార్జింగ్ ఎక్కుతుందని లేదు. కొన్ని డేటాకే పనికొస్తాయి. రంధ్రం పక్కన బ్యాటరీ బొమ్మో, ప్లగ్గు బొమ్మో ఉంటే సాధారణంగా చార్జింగ్ ఎక్కుతుంది. మెరుపు గుర్తుతో థండర్‌బోల్ట్ ఉన్న లాప్‌టాప్‌లలో చాలావరకు ఎక్కుతుంది. ఏ గుర్తూ లేకపోతే మాన్యువల్ చూడాల్సిందే. డాక్ కొనేవాళ్ళు ఇది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే చార్జింగ్ తీసుకోని రంధ్రానికి ఎంత ఖరీదైన డాక్ పెట్టినా మీ పాత అడాప్టర్ను పక్కన తగిలించుకోక తప్పదు. మానిటర్ కూడా ఆ రంధ్రం నుంచే కావాలంటే అది బొమ్మను పంపగలదో లేదో కూడా చూసుకోండి.

రెండోది ఫోన్ చార్జర్. "మా ఫోన్ చార్జర్ 80 వాట్లు, లాప్‌టాప్‌కు 65 చాలు కదా?" అని అడుగుతారు. దాని వీపు మీద చదవండి. 11 వోల్టులు, 7.3 ఆంపియర్లు అన్నట్టు ఉంటే ఆ 80 వాట్లు ఆ కంపెనీ ఫోన్లతో తమలో తాము మాట్లాడుకునే భాషలో ఇచ్చేవి. లాప్‌టాప్‌కు ఆ భాష రాదు. దానికి వినపడేది అదే లేబుల్ మీద ఉండే 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. 65 వాట్ల లాప్‌టాప్‌కు పనికొచ్చే చార్జర్ మీద 20 వోల్టులు అనే మాట ఉండి తీరాలి. 20 వోల్టులకు 3.25 ఉంటే 65 వాట్లు, 5 ఉంటే 100 వాట్లు.

మూడోది వైరు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అందుకే కొంచెం ఆగి చెప్తాను. మామూలు టైప్-సి వైరు 3 ఆంపియర్లకే. 20 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లంటే 60 వాట్లు. 5 ఆంపియర్లు మోయాలంటే వైరు కొనలో ఒక చిన్న చిప్పు ఉండాలి. "నేను 5 మోయగలను" అని అది చెప్తేనే చార్జర్ ఇస్తుంది. చెప్పకపోతే 100 వాట్ల చార్జరైనా 60 దగ్గరే ఆగిపోతుంది. కొనేటప్పుడు వైరు కొన మీదో, డబ్బా మీదో 60 వాట్లు, 100 వాట్లు, 240 వాట్లు అని ఉంటుంది, అది చూసి తీసుకోండి. 240 అంకె ఎక్కడిదంటే, 2021లో పీడీ ప్రమాణాన్ని పెంచి 28, 36, 48 వోల్టులు చేర్చారు, దాంతో టైప్-సి గరిష్ఠం 100 నుంచి 240 వాట్లకు పోయింది. కొత్తగా వైరు కొనేవాళ్ళు 240ది కొనుక్కుంటే రేపు లాప్‌టాప్ మారినా పనికొస్తుంది.

డాక్ ఉంటే లెక్క ఇట్లా

డాక్‌లు రెండు రకాలు. ఒకటి అరచేతిలో పట్టే పలకలాంటిది. దానికి సొంత అడాప్టర్ ఉండదు, మీ చార్జర్ను దానికి గుచ్చితే అది తనకు కావలసింది ఉంచుకుని మిగతాది లాప్‌టాప్‌కు పంపుతుంది. రెండోది ఇటుకంత ఉంటుంది, సొంత అడాప్టర్‌తో వస్తుంది.

మొదటి రకం తీసుకుందాం, మా మేనకోడలిది అదే. డబ్బా మీద లోపలికి 100 వాట్లు, లాప్‌టాప్‌కు 85 వాట్లు అని ఉంది. అంటే 15 వాట్లు డాక్ తన కోసం, తనకు తగిలించిన వస్తువుల కోసం పక్కన పెట్టుకుంటుంది. దేనికంత అనిపిస్తుంది కానీ, మామూలు యూఎస్‌బీ 3 రంధ్రం ఒక్కోటి 5 వోల్టుల దగ్గర 0.9 ఆంపియర్ దాకా, అంటే నాలుగున్నర వాట్లు ఇవ్వాలి. హార్డ్ డిస్కు తిరగడానికి కొంత, బొమ్మను మానిటర్‌కు పంపే చిప్పుకు కొంత, ఇంటర్నెట్ రంధ్రానికి కొంత. చాలా డాక్‌లు ఆ వస్తువులు తగిలించి ఉన్నా లేకున్నా ఆ వాటాను ముందే కోసేస్తాయి.

ఇప్పుడు లెక్క చూడండి. 65 వాట్ల చార్జరులోంచి 15 పోతే లాప్‌టాప్‌కు 50. వీడియో ఎడిటింగ్ చేసేటప్పుడు ఆ లాప్‌టాప్ సుమారు 60 లాగుతోంది. తక్కువైన 10 వాట్లు బ్యాటరీ నుంచి పోతున్నాయి. ఆమె బ్యాటరీ 56 వాట్-అవర్లది, అంటే 56 వాట్లను గంటసేపు ఇవ్వగలిగేది. గంటకు 10 చొప్పున పోతే మూడు గంటల్లో సగం ఖాళీ. ఫోన్‌లో చెప్పిన తొంభై, నలభై అక్కడివే.

మర్నాడు తనే వెళ్ళి 100 వాట్ల చార్జర్ కొనుక్కొచ్చింది. సాయంత్రం మళ్ళీ ఫోన్. "మామా, ఇది ఇంకా తొందరగా దిగిపోతా ఉండాది!" నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. "వైరు ఏది పెట్టినావు పాపా?" అంటే, "ఫోన్‌దే, ఇంట్లో ఉండే తెల్లది" అంది. అదీ సంగతి. ఆ వైరు 60 వాట్లకు మించి మోయదు, అందులో డాక్ 15 కోస్తే మిగిలింది 45. పాత 65 వాట్ల చార్జరుకు వైరు దానికే అతికి ఉండేది, అందుకే అది పూర్తి 65 ఇచ్చేది. అట్లా 100 వాట్ల చార్జర్, 65 వాట్లదానికన్నా తక్కువ ఇచ్చింది. 5 ఆంపియర్ల వైరు తెచ్చి మార్చాక లాప్‌టాప్‌కు 85 దాకా దారి దొరికింది. పని చేస్తుండగానే బ్యాటరీ ఎక్కడం మొదలైంది.

కాబట్టి మొదటి రకం డాక్‌కు చార్జర్ ఎంచుకోవాలంటే లాప్‌టాప్ అసలు చార్జర్ వాట్లకు 15 కలపండి, డబ్బా మీద వేరే అంకె ఉంటే అది కలపండి. 45 అయితే 60 వస్తుంది, 65 వాట్ల చార్జర్ చాలు. 65 అయితే 80 వస్తుంది, 100 వాట్లది కొనండి. డాక్ నుంచే ఫోన్ కూడా చార్జ్ చేసే అలవాటుంటే మానుకోండి, ఫోన్‌కు వేరే చార్జర్ ఉండనే ఉంది.

ఈ రకం డాక్‌లో ఇంకో చిక్కుంది. పని మధ్యలో చార్జర్ను డాక్ నుంచి పీకినా గుచ్చినా, ఎవరు ఎవరికి కరెంటివ్వాలో మళ్ళీ మొదటి నుంచి మాట్లాడుకుంటాయి. ఆ క్షణంలో మానిటర్ ఆరి వెలుగుతుంది, హార్డ్ డిస్కు తెగిపోయి మళ్ళీ తగులుకుంటుంది. ఫైలు కాపీ అవుతుండగా అట్లా జరిగితే ఫైలు పాడైపోవచ్చు. అందుకని ముందు చార్జర్ను డాక్‌కు, తర్వాత డాక్‌ను లాప్‌టాప్‌కు. తీసేటప్పుడు ముందు హార్డ్ డిస్కును సిస్టంలో ఎజెక్ట్ కొట్టి, లాప్‌టాప్ వైరు పీకండి. కరెంటు పోయినా జరిగేది ఇదే కాబట్టి ముఖ్యమైన కాపీలు ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే చేసుకోండి.

రెండో రకానికి, అంటే సొంత అడాప్టర్ ఉన్నదానికి, డాక్ అడాప్టర్ వాట్లు వేరు, లాప్‌టాప్‌కు చేరే వాట్లు వేరు. డెల్ డబ్ల్యూడీ19 డాక్‌నే తీసుకోండి. 130 వాట్ల అడాప్టర్‌తో కొంటే లాప్‌టాప్‌కు 90 వాట్ల దాకా ఇస్తుంది. 180 వాట్ల అడాప్టర్‌తో కొంటే డెల్ లాప్‌టాప్‌లకు 130 దాకా, ఇతర కంపెనీలవాటికి 90 దాకా. టైప్-సిలో 20 వోల్టుల దగ్గర 100 వాట్లు దాటి ఇవ్వడం ఆ కంపెనీ తన లాప్‌టాప్‌లతో చేసుకున్న సొంత ఏర్పాటు, వేరే లాప్‌టాప్‌కు అది రాదు. సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసు డాక్‌లు చవకగా వస్తుంటాయి, అడాప్టర్ లేకుండా డాక్ ఒక్కటే ఇస్తారు. కొనేముందు అడుగున ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చదివి, ఆ అడాప్టర్ ఖరీదు కూడా కలుపుకుని బేరమాడండి. ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ అడాప్టర్ డాక్‌లో దూరినంతమాత్రాన పెట్టేయొద్దు. కొన్ని డాక్‌లు 12 వోల్టులవి, కొన్ని 19, 20వి. పిన్ను మాత్రం ఒకేలా ఉండొచ్చు.

గేమింగ్ లాప్‌టాప్ ఉన్నవాళ్ళు డాక్ మీదే ఆధారపడకండి. 230 వాట్లు తాగే యంత్రానికి డాక్ ఇచ్చేది 90, 100. డాక్‌ను మానిటరు, కీబోర్డు కోసం వాడుకుని, అసలు అడాప్టర్ను పక్క రంధ్రంలో ఉంచండి. రెండూ ఒకేసారి పెడితే ప్రమాదం లేదు. సాధారణంగా లాప్‌టాప్ రెండింట్లో ఒకదాన్నే ఎంచుకుంటుంది, రెండూ కలిపి తీసుకోదు.

దుకాణంలో నిలబడి చూడాల్సింది

మన దేశంలో లాప్‌టాప్ అడాప్టర్లు భారతీయ ప్రమాణాల సంస్థ, పొట్టిగా బీఐఎస్, తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి వస్తాయి. ఆ పద్ధతి 2012 నాటి ఉత్తర్వుతో మొదలైంది. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, దాని దగ్గర ఆర్ అనే అక్షరం, గీత, ఆ తర్వాత ఎనిమిది అంకెలు ఉంటాయి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ దించుకుని, ఆర్ నంబర్ సరిచూసే చోట ఆ అంకెలు కొట్టండి. ఏ తయారీదారు, ఏ వస్తువు, ఏ బ్రాండు అన్నది చూపిస్తుంది. చేతిలోని అడాప్టర్ మీదున్న పేరు, యాప్‌లోని పేరు వేరైతే తిరిగిచ్చేయండి. ఒక్క నిమిషం పని, దుకాణదారు ముందే చేయండి. నిజాయితీగా అమ్మేవాళ్ళు ఏమీ అనుకోరు.

చేతిలో తూచి కూడా చూడండి. అసలుదానికన్నా బాగా తేలికగా ఉందంటే లోపల సరకు తక్కువని నాకు అనుమానం. మీద అచ్చు తప్పులు, అంటుకున్న కాగితం ఊడి రావడం, వోల్టులూ ఆంపియర్లూ గుణిస్తే రాసిన వాట్లు రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వదిలేయండి.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో సగం ధరకు వస్తుందని పొద్దున బండికి పోయి తెచ్చుకునేవాళ్ళు మనలో చాలామంది. పోండి, తప్పులేదు. కానీ వారానికే అది ఆగిపోతే మళ్ళీ అంత దూరం పోవాలి, బిల్లు లేకపోతే పోయి కూడా లాభం లేదు. అడాప్టర్ మాత్రం ఊళ్ళోనే, బిల్లుతో, మార్చిస్తామన్న మాట మీద కొనుక్కోమంటాను. తేడా వచ్చే కొన్ని వందలు, కాలిన బోర్డు మార్చే ఖర్చులో ఏపాటి?

ఇంట్లో ప్లగ్గు, ఎర్తు, ఇన్వర్టర్

రేకు బాడీ లాప్‌టాప్ మీద చేయి పెడితే జిల్లుమంటోందా? మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులకు మార్చే కన్వర్టర్లో పెట్టారేమో చూడండి. లేదా గోడలో ఎర్తు వైరే లేదేమో. అడాప్టర్ లోపల కరెంటులోని రొదను వడకట్టే కెపాసిటర్లనే భాగాల నుంచి చాలా చిన్న కరెంటు ఎర్తులోకి పోవాలి. దారి లేక అది మీ చేతిలోంచి పోతోంది. పాత ఇళ్ళలో ఇది మామూలు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఒక్క ప్లగ్గుకైనా ఎర్తు లాగించుకోండి. డాక్, మానిటర్, లాప్‌టాప్ మూడూ ఒకదానికొకటి తగిలి ఉంటాయి కాబట్టి డాక్ ఉన్నవాళ్ళకు ఇది ఇంకా అవసరం.

ఇన్వర్టర్ మీద నడుపుతారా? 130 వాట్ల డాక్ అడాప్టర్ నిండా పనిచేస్తే గోడ నుంచి సుమారు 145 వాట్లు లాగుతుంది, మానిటర్ వేరే. కరెంటును సాఫీగా కాక మెట్లు మెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొన్ని అడాప్టర్లు గుయ్యిమని మోగుతాయి, వేడెక్కుతాయి. కొత్తగా కొంటుంటే సాఫీగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ దాన్నే కొనండి.

అడాప్టర్ను పరుపు మీద, దిండు కింద, కర్టెన్ వెనక పెట్టొద్దు. నేల మీద, నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచి, గాలి తగిలేలా ఉంచండి.

కొన్నాక మొదటి గంట

బ్యాటరీని ముప్పై శాతానికి దించి, కొత్త అడాప్టర్‌తో, డాక్ మీద మీరు రోజూ తగిలించేవన్నీ తగిలించి, మీ అసలు పనే గంటసేపు చేయండి. ఊరికే ఆన్ చేసి వదిలేస్తే ఏ అడాప్టరైనా పాసైపోతుంది. గంట తర్వాత శాతం పెరిగి ఉండాలి. విండోస్‌లో బ్యాటరీ గుర్తు దగ్గర స్లో చార్జర్ అని వస్తే వాట్లు చాలడం లేదని అర్థం. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి పవర్ అనే చోట చూస్తే చార్జర్ ఎన్ని వాట్లు ఇస్తోందో అంకెతో సహా ఉంటుంది.

తర్వాత అడాప్టర్ మీద అరచేయి పెట్టండి. గోరువెచ్చగా, ఇంకొంచెం వేడిగా ఉన్నా పర్వాలేదు. చేయి పెట్టి ఐదు లెక్కపెట్టేలోపు వెనక్కి తీసుకోవాల్సి వస్తే అది తగినది కాదు. పిన్ను లాప్‌టాప్‌లో వదులుగా ఆడుతుందా, దాని చుట్టూ ప్లాస్టిక్ రంగు మారిందా, కాలిన వాసనుందా చూడండి. ఏది కనిపించినా అదే రోజు బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్ళండి. అన్నీ బాగుంటే బిల్లుకు ఫోటో తీసి, అడాప్టర్ మీద స్కెచ్ పెన్నుతో ఏ లాప్‌టాప్‌దో, ఏ డాక్‌దో రాసిపెట్టండి. మా మేనకోడలు 5 ఆంపియర్ల వైరు రెండు కొనలకూ ఎర్ర దారం చుట్టి పెట్టుకుంది, ఇంట్లో ఎవరూ దాన్ని ఫోన్‌కు పట్టుకుపోకుండా.